దోసకాయ కాని దోసకాయ, గడ్డి కాని గడ్డి

కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ విడుదలవుతుందని రుజువు చేసే ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. బీకరులో నీళ్లు, అందులో బోర్లించిన గరాటు, గరాటు కింద హైడ్రిల్లా మొక్కలు, పైన పరీక్షనాళిక. ఎండలో పెట్టగానే బుడగలు వరుసకట్టి పైకి లేస్తాయి. ఆ హైడ్రిల్లాకు సముద్రంలో ఒక పెద్ద చుట్టం ఉంది. ఆ చుట్టం నీడలో ఒక జంతువు కాపురం ఉంటోంది. మొక్కను చూసి జనం గడ్డి అంటారు, అది గడ్డి కాదు. జంతువును చూసి దోసకాయ అంటారు, అది దోసకాయ అసలే కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి అని మిమ్మల్ని అడుగుతున్నాను. మన పుస్తకాలు వీటిని వేరువేరు పాఠాలలో పెట్టాయి. మన చట్టాలు కూడా ఆ పనే చేశాయి. అందువల్ల రెండింటికీ కీడు జరుగుతోందని నా అభిప్రాయం.

ముందు పేర్ల సంగతి చూద్దాం. మొక్క శాస్త్రీయ నామం ఎన్‌హేలస్ అకొరాయిడిస్. మొదటి మాటకు గ్రీకులో 'ఉప్పునీటిలో ఉండేది' అని అర్థం. రెండో మాటకు 'అకోరస్ లాంటిది' అని. ఈ అకోరస్ మనకు కొత్తదేమీ కాదు. పసిపిల్లల నాలుకకు అరగదీసి రాసే మన వసే అది. ఆకులు వస ఆకుల్లాగా బారుగా, కత్తుల్లా ఉంటాయి గనక ఆ పేరు వచ్చింది. ఇక జంతువు పేరు హోలోథూరియా స్కాబ్రా. స్కాబ్రా అంటే లాటిన్‌లో గరుకైనది. ప్రపంచ సముద్రాలలో పదిహేను వందలకు పైగా ఉన్న సముద్ర దోసకాయ జాతులలో ఇదొకటి. తమిళ జాలర్లు వీటిని 'కడల్ అట్టై' అంటారు. అంటే కడలి జలగ. పాపం, ఇది ఎవరి నెత్తురూ తాగదు.

రామేశ్వరం వెళ్లినవారు పాంబన్ వంతెన దాటేటప్పుడు రెండు పక్కలా సముద్రం చూసే ఉంటారు. దక్షిణాన కనిపించేది మన్నార్ సింధుశాఖ, ఉత్తరాన కనిపించేది పాక్ అఖాతం. రెండుచోట్లా తీరం దగ్గర నీరు లోతు తక్కువ. అడుగున ఇసుక, మెత్తటి బురద. సూర్యకాంతి అడుగుదాకా చేరుతుంది. వెలుతురు లేనిచోట ఏ మొక్కా ఆహారం తయారు చేసుకోలేదు కదా! మన గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల దగ్గర ఒండ్రు కలిసిన మసక నీటిలో ఇలాంటి పచ్చిక బయళ్లు ఇంత విస్తారంగా కనిపించవు. పాక్ అఖాతంలో మాత్రం నీటికింద పైరు వేసినట్టు ఉంటుంది. మనం చెప్పుకుంటున్న రెండు జీవులూ అక్కడే ఉన్నాయి.

జంతువు జానెడు పొడవుంటుంది. ఒక్కోసారి ఇంకా పెద్దదే అవుతుంది. వీపు బూడిదరంగు, అడ్డంగా ముడతలు, పొట్ట తెలుపు. తల ఏదో తోక ఏదో చప్పున తెలియదు. కళ్లు లేవు, మెదడు లేదు. నోటి చుట్టూ ఉన్న నాడీవలయంతోనే పని నడుపుకుంటుంది. ఊపిరి పీల్చుకునేది ఎక్కడినుంచి అనుకున్నారు? నవ్వకండి, మలద్వారం నుంచి! అక్కడినుంచి నీటిని లోపలికి తీసుకుంటుంది. శరీరం లోపల చెట్టు కొమ్మల్లాగా చీలిన శ్వాసవృక్షాలు ఆ నీటిలోని ఆక్సిజన్‌ను గ్రహిస్తాయి.

ఇంత వింతగా ఉన్నదాన్ని మనకు ఎంత దూరపు చుట్టం అనుకుంటాం? ఈగకంటే, నత్తకంటే, తెలివితేటలకు పేరుపడ్డ ఆక్టోపస్‌కంటే ఇదే మనకు దగ్గర చుట్టం. పిండం ఎదిగేటప్పుడు మొదట ఏర్పడే రంధ్రం నత్తల వంశంలో సాధారణంగా నోటి వైపు అవుతుంది. సముద్ర దోసకాయలోనూ, సముద్ర నక్షత్రంలోనూ, మనలోనూ ఆ రంధ్రం మలద్వారం వైపుకు చెందుతుంది. నోరు తరువాత వేరే ఏర్పడుతుంది. కోట్ల సంవత్సరాల కిందట చీలిన జంతువంశపు రెండు కొమ్మలలో మనమూ ఈ మూగజీవీ ఒకే కొమ్మమీద ఉన్నాం. కూరగాయ పేరు పెట్టి పిలవడం దానికి న్యాయం కాదని నాకు తోస్తుంది.

మొక్క కథ ఇంకోరకం. దాని పూర్వీకులు నేలమీద పెరిగినవే. నీటిలో పుట్టి నేలకెక్కిన మొక్కల సంతతిలో కొన్ని మళ్లీ నీటిదారి పట్టాయి, తిమింగలాల పూర్వీకులు చేసినట్టుగానే. అందుచేత దీనికి నిజమైన వేళ్లు ఉన్నాయి, నాళాలు ఉన్నాయి, పువ్వులు పూస్తుంది, కాయలు కాస్తుంది, విత్తనాలు ఇస్తుంది. సముద్రపు నాచుకు ఇవేవీ లేవు. నాచుకూ దీనికీ ఉన్న తేడా పరీక్షలో అడిగితే ఈ సంగతి రాయండి. వరి, చెరకు ఉన్న గడ్డి కుటుంబానికి కూడా ఇది చెందదు. హైడ్రిల్లా, వాలిస్నేరియాల కుటుంబం దీనిది. ఆకులు మీటరు పొడవు దాటుతాయి. దుంపకాండం వేలెడు మందాన ఉండి, పాత ఆకుల నల్లటి పీచుతో పందిముళ్లు కప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ రెండింటికీ ఉన్న ఒక చిక్కు చూడండి. ఎన్‌హేలస్‌లో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. సముద్ర దోసకాయలోనూ మగవి వేరు, ఆడవి వేరు. మొక్క కదలదు. జంతువు కదిలినా దాని నడకకంటే నత్తనడక నయం. సముద్రం అడుగున తేనెటీగలు లేవు, తుమ్మెదలు లేవు. మరి సంతానం కలిగేది ఎలా?

మొక్క పాటు పోట్లను నమ్ముకుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో నీరు బాగా తీసినప్పుడు ఆడపువ్వు పొడవాటి కాడ మీద నీటిపైకి వచ్చి రేకులు పరుస్తుంది. మగ మొక్క అడుగునే చిన్న చిన్న తెల్లటి పువ్వులను తుంచి వదిలేస్తుంది. అవి తేలి, పేలాల్లాగా నీటిమీద పరుచుకుని, గాలికి కొట్టుకుంటూ పోతాయి. వాటిలో కొన్ని ఆడపువ్వు రేకులకు తగిలి చిక్కుకుంటాయి. పోటు వచ్చి నీరు పెరగగానే రేకులు ముడుచుకుని మగపువ్వులను లోపల బంధిస్తాయి. కాయ పడ్డాక కాడ స్ప్రింగులాగా చుట్టుకుపోయి, కాయను కిందికి లాగేసుకుంటుంది. మిగతా సముద్రపు గడ్డిజాతులు పుప్పొడిని నీళ్లలోనే వదులుతాయి. నీటి ఉపరితలం దాకా వచ్చి పెళ్లి చేసుకునేది ఇదొక్కటే.

జంతువు పద్ధతిలో ఇంత నేర్పు లేదు. మగది ముందుభాగం పైకెత్తి పాలధారలాగా వీర్యకణాలను నీటిలోకి వదులుతుంది. దాని జాడ తగిలిన ఆడది కాసేపటికి లక్షలకొద్దీ అండాలను ఒక్క ఊపున చిమ్ముతుంది. తరువాతి పని నీటిదే. ఇక్కడ లెక్క బాగా గుర్తుపెట్టుకోండి. రెండు జంతువులు దగ్గరగా ఉంటేనే ఆ కణాలు కలుస్తాయి. దూరమైతే సముద్రపు నీటిలో పలచబడి కొట్టుకుపోతాయి. అంచేత ఒకచోట వంద జంతువులుండి తొంభై పోతే, మిగిలిన పదీ పదిరెట్లు తక్కువ పిల్లలను కంటాయనుకోవడం పొరపాటు. ఒకదానికొకటి దూరమైపోయి ఉంటే, అసలు ఒక్క పిల్లా పుట్టకపోవచ్చు. అవి బతికే ఉంటాయి, తింటూనే ఉంటాయి. చూసేవాళ్లు 'ఇంకా ఉన్నాయిలే' అనుకుంటారు. కాని అక్కడ ఆ వంశం అప్పటికే ఆగిపోయి ఉంటుంది.

ఒకవేళ పిల్లలు పుట్టాయే అనుకుందాం. గాజులాంటి సూక్ష్మమైన లార్వాలు సుమారు రెండు వారాలు నీటిలో తేలుతూ ఏకకణ శైవలాలను తింటాయి. తరువాత ఎక్కడో ఒకచోట అంటుకోవాలి. ఎక్కడ? సాలమన్ దీవులలో ఈ జాతిమీదే పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు 2000లో దీనికి జవాబు ప్రచురించారు. ఇసుక, పగడపు ముక్కలు, ప్లాస్టిక్ ఆకులు, నిజమైన ఆకులు, ఇలా రకరకాలు పెట్టి చూస్తే లార్వాలు సముద్రపు గడ్డి ఆకులనే కోరి పట్టుకున్నాయి. వాటికి బాగా నచ్చినవాటిలో మన ఎన్‌హేలస్ ఆకు ఒకటి. ఆకుల సారం పూసిన పలకలను కూడా అవి గుర్తుపట్టాయి! ఆకుమీద పేరుకున్న జిగురులో ఉండే డయాటమ్‌లను నాకుతూ నెల రోజులకు పైగా అక్కడే పెరిగి, ఆరు మిల్లీమీటర్ల పొడవయ్యాక ఇసుకలోకి దిగుతాయి. అంటే ఆ పచ్చని ఆకు వీటికి ఉయ్యాల అన్నమాట.

ఉయ్యాలకు అద్దె కూడా ముడుతుంది. పెద్దదైన జంతువు రోజూ ఇసుకలో కూరుకుపోయి మళ్లీ పైకి వస్తూ, ఇసుకను మింగి, అందులో కుళ్లిన పదార్థాలను జీర్ణించుకుని, శుభ్రమైన ఇసుకను వెనకనుంచి వదులుతూ పోతుంది. మన పొలాలలో వానపాము చేసే పనే ఇది. బురద గుల్లబారి దానిలోకి ఆక్సిజన్ చేరుతుంది. జంతువు విసర్జించే అమ్మోనియా మొక్కకు నత్రజని ఎరువు. ఈ జంతువులను కొన్ని మళ్లలోంచి ఏరివేసి చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులు అక్కడ సముద్రపు గడ్డి పెరుగుదల కొంత తగ్గిందని 2010లో తెలిపారు. ఆ ప్రయోగం చేసింది వేరే గడ్డిజాతులతో. తేడా మరీ పెద్దదేమీ కాదు, అన్ని జాతులలో ఒకేలాగానూ లేదు. అయినా తేడా ఉన్నది.

ఇంకొక పోలిక చెప్పి అసలు విషయానికి వస్తాను. కొమ్మ నరికితే చిగురించేది మొక్క, అవయవం పోతే పోయినట్టే ఉండేది జంతువు. మనం సాధారణంగా ఇలా అనుకుంటాం. ఇక్కడ తారుమారైంది. సముద్ర దోసకాయను బాగా బెదిరిస్తే పేగులను బయటికి కక్కేస్తుంది. కొన్ని వారాలలో కొత్త పేగులు మొలిపించుకుంటుంది. ఎన్‌హేలస్ దుంపకాండమో, ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే పక్కకు పాకుతుంది. ఒక లంగరు పీకి పెట్టిన మీటరు వెడల్పు గుంటను కమ్ముకోవడానికి దానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే భాగించి చూసుకోండి. విత్తనాలు సాయం చేస్తాయి గాని, అవి కూడా పువ్వులుండేంత మొక్కలు చుట్టుపక్కల మిగిలితేనే.

ఇక అసలు విషయం. సముద్ర దోసకాయలను ఎండబెట్టి చైనాకూ, తూర్పు ఆసియా దేశాలకూ పంపడం శతాబ్దాలుగా సాగిన వ్యాపారం. పేగులు తీసి, ఉడకబెట్టి, రాత్రంతా తడి ఇసుకలో పాతిపెట్టి, పైనున్న సున్నపు పొరను రుద్ది కడిగి, మళ్లీ ఉడికించి ఎండలో పోస్తారు. పచ్చిగా ఉన్నప్పటి బరువులో పదోవంతు కూడా మిగలదు. అంత సరుకు కావాలంటే ఎన్ని జంతువులు కావాలి! వాటిలో మన గరుకు దోసకాయది మంచి ధర పలికే జాతి. మన దేశంలో వీటి వాడకం లేదు. మొత్తం ఎగుమతికే. పట్టుబడే జంతువులు పోనుపోను చిన్నవై పోతుంటే, 1982లో కేంద్ర ప్రభుత్వం మూడంగుళాలకంటే చిన్న ఎండు సరుకును ఎగుమతి చేయరాదంది. అదీ చాలకపోయేసరికి 2001లో సముద్ర దోసకాయలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో చేర్చింది. పులిని చేర్చిన షెడ్యూలే అది. పట్టడం, అమ్మడం నేరం. రుజువైతే ఏళ్ల తరబడి జైలు.

అప్పటికి అది సరైన పనే. దాన్ని తప్పు పట్టేవారితో నేను ఏకీభవించను. దూరం దూరంగా మిగిలిన జంతువులు పిల్లలను కనలేవని పైన చెప్పుకున్నాం గనక, వేట ఆపకుండా మరో దారి లేదు. అయితే ఒక్క జంతువును మాత్రమే పట్టికలోకి ఎక్కించి, అది పుట్టే ఆకును వదిలేయడం సగం పని. అడుగును ఊడ్చుకుపోయే ట్రాలు వలలు గడ్డిని వేళ్లతో సహా పెకలిస్తాయి. తమిళనాడులో 1983 నాటి చట్టం ప్రకారం మూడు నాటికల్ మైళ్ల లోపలికి ట్రాలర్లు వచ్చి వేటాడకూడదు. కాగితం మీద గడ్డికి అంత రక్షణ ఉంది. కాని సముద్రంలో కంచె లేదు, ఆ గీత అక్షరాలా నీటిమీద గీత. పైగా పట్టణాల మురుగు, ఒడ్డున తవ్విపోసిన మట్టి నీటిని మసకబరిస్తే ఏ పడవా రాకుండానే గడ్డి చస్తుంది. చేత్తో ఏరుకున్న జాలరి ఒక జంతువును తీసుకుంటాడు. వల ఈడ్చిన పడవ రాబోయే తరాల ఉయ్యాలలను తీసుకుపోతుంది. జైలు భయం మాత్రం మొదటివాడికే ఎక్కువ. ఇది నాకు న్యాయంగా కనిపించదు.

మీలో ఎవరైనా అడగవచ్చు: జంతువు కోసం గడ్డిని కాపాడటం ఎక్కడైనా జరిగిందా అని. జరిగింది. పాక్ అఖాతంలోనే 448 చదరపు కిలోమీటర్ల మేర సముద్రాన్ని తమిళనాడు ప్రభుత్వం 2022లో దుగాంగ్ సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. దుగాంగ్ అంటే సముద్రపు ఆవు. అది సముద్రపు గడ్డి మేసి బతుకుతుంది గనక మేతబీడుతో సహా రక్షించారు. ఆవు ఎదురుగా గడ్డి తింటుంది, అందరికీ కనిపిస్తుంది. దోసకాయ పిల్లలు ఆకుమీద ఆవగింజంత ఉండి పెరుగుతాయి, ఎవరికీ కనిపించవు. అవసరం ఇద్దరిదీ ఒకటే. ఆ కేంద్రంలో ఉన్న సముద్ర దోసకాయలకు ఆవు పుణ్యమా అని మేలు జరుగుతుంది. బయట ఉన్నవాటి సంగతేమిటి?

నిషేధంతో బతుకుదెరువు పోయిన జాలరి కుటుంబాలు రామనాథపురం జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ఎదురుగా ఉన్న శ్రీలంకలో లైసెన్సుతో ఇదే వేట చట్టబద్ధం. అందుచేత దొంగసరుకు రాత్రిపూట అటు దాటిపోతుంటుంది. పోలీసులకూ కోస్టుగార్డుకూ అది పట్టుకోవడమే పని. నిషేధం ఎత్తేయాలని జాలర్లు, ఎత్తకూడదని పర్యావరణవాదులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. రెండు పక్షాల వాదనలూ జంతువు చుట్టూనే తిరుగుతాయి. గడ్డి ఊసు తక్కువ.

మూడోదారి లేకపోలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తూత్తుకుడిలో ఈ జాతి గుడ్లను తొట్లలో పొదిగించి పిల్లలను పెంచగలిగారు. అది 1988లోనే! ఆ పిల్లలను సముద్రంలో విడిచి, పెరిగాక కొన్నింటిని జాలర్లనే తీసుకోనివ్వవచ్చు. నేను దీనికి అనుకూలమే, కాని ఒక షరతుమీద. గడ్డి లేనిచోట ఆ పిల్లలను విడిస్తే రాతిమీద విత్తనం చల్లినట్టే. తొట్లో పెరిగిన పిల్ల అక్కడ బతికినా, రేపు దాని పిల్లలు ఎక్కడ అంటుకోవాలి?

అందుకని ముందు లెక్క తీయాలి. నీటిలో మునిగి అడుగును చేత్తో తడిమి చూసిన అనుభవం ఆ జాలర్లకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. వాళ్లకే కూలి ఇచ్చి ఆ పని చేయించవచ్చు. ఒక్కో చదరపు మీటరులో ఎన్ని జంతువులు, ఎన్ని ఎన్‌హేలస్ మొదళ్లు, వాటిలో ఎన్నింటికి పువ్వు. మూడూ ఒకే కాగితం మీద రాయాలి. తొట్లోంచి వచ్చిన సముద్ర దోసకాయ సుమారు ఏడాదిన్నర, రెండేళ్లలో పెద్దదై తానూ గుడ్లు పెట్టగలదు. ఎన్‌హేలస్‌కు అంతకాలంలో దుంపకాండం జానెడు పాకితే గొప్ప. లెక్కలో మొదటి గడి గడ్డికి కేటాయించమనడం ఇందుకే.